బావ రేగడిలో పది క్వింటాళ్లు, మా చెల్కలో నాలుగే.. తప్పు ఎవరిది?

ఉత్తరం: "అన్నా, మాది నల్గొండ దిక్కు. ఆరెకరాలుంటే అందుట్ల నాలుగెకరాలు ఎర్ర చెల్క, మిట్ట మీద ఉంటది, కింద రెండెకరాలు రేగడి. మా అక్కను ఆదిలాబాద్ దిక్కు ఇచ్చినం, బావ వాళ్లది మొత్తం నల్లరేగడి, వాన మీదనే పత్తి పెట్టి ఎకరానికి పది క్వింటాళ్లు తీస్తడు. అదే ఇత్తనం, అదే డీఏపీ, మందులు కూడా ఆయన్ని అడిగే కొడ్తున్న, మా చెల్కల నాలుగు దాటుత లేదు. బాపు నాకు ఎవుసం చాతకాదంటుండు. ఇప్పుడు ఒకాయన పామాయిల్ పెట్టుమంటుండు, ఇంకొకాయన మిర్చి అంటుండు, అమ్మ ఆముదం ఏసుకోమంటది. బోరు ఒకటుంది, ఏప్రిల్ వచ్చేసరికి గంట పోసి ఆగుతది. ఏం జేయమంటవ్?"

తమ్ముడూ, ముందు మీ బాపు మాట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో నిన్ను ఎక్కువ బాధపెట్టింది అదేనని చదువుతుంటే తెలిసిపోతోంది. నాలుగు క్వింటాళ్లు రావడం నీ చేతకానితనం కాదు. ఎర్ర చెల్కలో ఒక్క తడి కూడా ఇవ్వకుండా వాన మీద పత్తి పెట్టి నాలుగు తీసినవాడు బానే చేసినట్టు లెక్క. మీ బావ మంచి రైతే, కాదనను, కానీ ఆయన్ని తీసుకొచ్చి నీ చెల్కలో నిలబెట్టి అదే ఇత్తనం అదే డీఏపీ చేతికిస్తే ఆయనకీ పది రావు. తేడా ఇత్తనంలో లేదు, బస్తాలో లేదు, వాన ఆగిపోయాక మీ నేల ఎన్ని రోజులు చెట్టుకి నీళ్లు ఇవ్వగలదు అన్నదాంట్లో ఉంది. నువ్వడిగిన పామాయిల్, మిర్చి, ఆముదం మూడింటికీ జవాబు కూడా ఈ ఒక్క లెక్కలోంచే వస్తుంది కాబట్టి కొంచెం ఓపికగా చదువు.

మీ బావ పొలం కింద ఉన్నది లావా రాయి, నీ పొలం కింద ఉన్నది గ్రానైట్. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కింద మహారాష్ట్ర వైపు భూమి పగిలి పొరలు పొరలుగా లావా పారింది, దాని అంచు ఆదిలాబాద్ దాకా వచ్చింది. ఆ రాయి కరిగి కరిగి నల్లరేగడి అయ్యింది. అందులో ఉండే బంకమట్టి మామూలు బంక కాదు, మాంట్‌మోరిల్లొనైట్ అంటారు, పొరల మధ్యలోకి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని కాలు దిగబడేంత పగుళ్లిస్తుంది. నీ గ్రానైట్ అట్లా కాదు, అది అరిగితే ఎక్కువ భాగం ఇసుకే, దాంట్లో కొద్దిగా ఇంకోరకం బంక, కేయొలినైట్, అది ఉబ్బదు, నీళ్లనీ పెద్దగా పట్టుకోదు. ఇనుము తుప్పు రంగు పూసింది కాబట్టి ఎర్రగా కనపడుతుంది. పైగా మిట్ట మీద చెల్కకి లోతు ఉండదు, అడుగు, అడుగున్నర తవ్వేసరికి మొరం (సగం అరిగిన రాళ్ల గట్టి మన్ను) తగులుతుంది, ఆ కింద రాయి.

మీ పొలంలోనే పైన చెల్క, కింద రేగడి ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించావా? అది లావా రేగడి కాదు. గ్రానైట్‌లోంచి కరిగిన సున్నం, ఉప్పులు, సన్న మట్టి వానతోపాటు వాలు వెంట దిగి వేల ఏళ్లుగా పల్లంలో చేరితే అక్కడ రేగడి తయారైంది. తెలంగాణలో చాలా ఊళ్లలో ఇదే వరస కనపడుతుంది, మిట్ట మీద దుబ్బ, చెల్క, కిందికి దిగుతుంటే రేగడి, ఇంకా కిందికి పోతే కొన్నిచోట్ల ఉప్పు పట్టిన చౌడు. అంటే ఒకే రైతు, ఒకే వాన, ఒకే సర్వే నంబర్, కానీ రెండు వేరు వేరు ప్రాంతాల వ్యవసాయం. నువ్వేమో ఆరెకరాలకీ కలిపి ఒకటే పంట పెడుతున్నావ్, నా దృష్టిలో అసలు సమస్య అక్కడే ఉంది.

ఇప్పుడు లెక్క. నేలని ఒక కుండ అనుకో, వాన దాన్ని నింపుతుంది, చెట్టు తాగుతుంది. మీటరు లోతున్న నల్లరేగడి చెట్టుకి అందే నీళ్లు సుమారు 150 నుంచి 200 మి.మీ. దాకా దాచుకుంటుంది. చెల్క మీటరు లోతుంటే 100, 120 మి.మీ. పట్టేదే, కానీ నీ దగ్గర ఉన్నది 40 సెంటీమీటర్లు అనుకుంటే వచ్చేది 50 మి.మీ. లోపే. పత్తి పూత కాయ మీద ఉన్నప్పుడు ఎండ బాగా కాస్తే రోజుకి ఐదు మి.మీ. దాకా తాగుతుంది. యాభైని ఐదుతో భాగించు, పది రోజులు. మీ బావది 180 అనుకుని భాగించు, నెల దాటుతుంది. సెప్టెంబర్లో పదిహేను రోజులు వాన మొహం చాటేసిందనుకో, మీ బావ చేను చెక్కు చెదరదు, నీ చేనులో గూడ (పూత కాకముందు మొగ్గ), పూత రాలిపోతుంది, మళ్లీ వాన పడ్డాక చెట్టు పచ్చబడి ఆకు వేస్తుంది కానీ రాలిన గూడ తిరిగి రాదు. నువ్వు అప్పుడు ఇంకో బస్తా యూరియా వేసి ఉంటావ్, చాలామంది వేస్తారు, నీళ్లు లేని నేలలో ఆ యూరియాని చెట్టు తీసుకోలేదు, వాన పడ్డాక ఇసుక నేల కాబట్టి అది వేరు దాటి కిందికి జారిపోతుంది. రెండు రకాలుగా నష్టం.

దీనికి పెద్ద రుజువు కర్నూలు, నంద్యాల, ప్రకాశం నల్లరేగడుల్లో చలికాలం శనగ. అక్కడ వానాకాలం నీళ్లన్నీ నేలలో దిగనిచ్చి, వానలు వెనకబట్టాక అక్టోబర్, నవంబర్లో శనగ విత్తుతారు, ఆ తర్వాత ఒక్క చినుకు పడకపోయినా మూడు నెలలు నేలలో దాచిన తేమ మీదే పంట చేతికొస్తుంది. అదే పని నీ చెల్కలో చేసి చూడు, మొలక వచ్చి నెలకే ఎండిపోతుంది. పటాన్‌చెరులో 1972 లో పెట్టిన ఇక్రిశాట్‌కి, అదే మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థకి, వీలైతే ఒకసారి వెళ్లి చూడు, అక్కడ ఒకే ప్రాంగణంలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి, పడే వాన ఒకటే, పరిశోధన మాత్రం రెండింటికీ వేరుగా చేస్తూ వచ్చారు. వాళ్లకే రెండు దారులు కావాల్సొస్తే నీకూ మీ బావకీ ఒకే దారి ఎట్లా సరిపోతుంది చెప్పు.

ఇక వాన సంగతి. ఆదిలాబాద్‌లో ఏడాదికి 1000 మి.మీ. పైనే పడుతుంది, మీ వైపు 700 అటూ ఇటూ. ఇంతకంటే ముఖ్యం ఎప్పుడు ఆగుతుందనేది. పత్తి 160, 180 రోజుల పంట. జూన్ చివర్లో ఆరుద్ర కార్తెలో విత్తావనుకో, కాయ ఊరి బరువెక్కే రోజులు సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా ఉంటాయి, అంటే హస్త, చిత్త, స్వాతి. మన నైరుతి వానలు సరిగ్గా అప్పుడే వెనక్కి పోతాయి. అంటే పత్తికి ఎక్కువ నీళ్లు కావాల్సిన టైమూ వాన పోయే టైమూ ఒకటే, ఆ మధ్యలో ఆదుకోవాల్సింది నేల. రేగడి ఆదుకుంటుంది, చెల్క ఆదుకోలేదు. ఆ నెలల్లో తుఫాను వానొకటి వస్తే నీకు కలిసొస్తుంది, నిజమే, కానీ అదే వాన పత్తి పగిలాక వస్తే తెల్ల బంగారం నల్లబడుతుంది, దాని మీద ఆధారపడి పెట్టుబడి పెట్టడం నాకు మింగుడుపడదు.

రేగడికి మాత్రం కష్టాల్లేవనుకోకు. వానలు వరసగా కొట్టిన ఏడాది మీ బావని అడుగు, నీళ్లు నిలిచి వేరుకి గాలాడక చేను చేనంతా పసుపెక్కి వాలిపోయి ఉంటుంది, బురదలో మనిషి దిగలేడు, గుంటక (కలుపు తీసే పనిముట్టు) నడవదు, గడ్డి పైకొచ్చేస్తుంది. అట్లాంటి ఏడాది మీ చెల్కే నయం, నీళ్లు జారిపోతాయి, వాన వెలిసిన రెండో రోజుకి గుంటక తోలుకోవచ్చు. ప్రతి నేలకీ దాని బలం ఉంది, ఆ బలం ఏ పంటకి పనికొస్తుందో చూసుకోవాలంతే.

మన రెండు రాష్ట్రాల్లో పేరుపడ్డ వాణిజ్య పంటలు చూడు, ఒక్కటీ ఊరికే అక్కడ స్థిరపడలేదు. పల్లి, అదే అనంతపురం వాళ్లు వేరుశనగ అంటారు, దాన్ని తీసుకో. అనంతపురంలో ఏడాది వాన 550 మి.మీ. దగ్గర్లో, దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, నేల నీ చెల్క కంటే పల్చన. అయినా లక్షల ఎకరాల్లో ఆ పంటే ఎందుకు నిలిచింది? వేరుశనగ పూత నేల పైన పూస్తుంది, పూత అయ్యాక ఊడ దిగి నేలలోకి గుచ్చుకుని అక్కడ కాయ కాస్తుంది. ఊడ దిగాలంటే నేల గుల్లగా ఉండాలి. నల్లరేగడి ఎండితే రాయిలా బిగుస్తుంది, ఊడ దిగడం కష్టం, దిగినా పీకేటప్పుడు సగం కాయ నేలలోనే తెగిపోతుంది. ఎర్ర ఇసుక నేలలో చెట్టు పట్టి లాగితే కాయతో సహా వస్తుంది, మట్టి దులిపితే రాలిపోతుంది. కాయకి కావాల్సిన కాల్షియాన్ని అది వేరు ద్వారా కాకుండా చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా తీసుకుంటుంది, ఎర్రనేలల్లో అది తక్కువ కాబట్టి పూత టైములో ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమంటారు, వేయనోళ్లకి తాలు కాయలు వస్తాయి. పైగా మధ్యలో బెట్ట వస్తే కొన్నాళ్లు ఓర్చుకుని వాన పడగానే మళ్లీ పూస్తుంది, పత్తి కంటే దీనికి ఆ ఓపిక ఎక్కువ. అయినా అక్కడి రైతులు నాలుగేళ్లకి ఒక్క ఏడాది పంట బాగా చూసి మిగతా ఏళ్లు అప్పులు మోసినవాళ్లు ఎందరో ఉన్నారు. నేల సరిపోయినా వాన సరిపోకపోతే ఏమవుతుందో ఆ జిల్లా చూపిస్తుంది, అందుకే అక్కడ చాలామంది బత్తాయి, దానిమ్మ లాంటి తోటల వైపు జరిగారు.

పొగాకుది ఇంకో కథ, వినడానికి విచిత్రంగా ఉంటుంది. మంచి సారవంతమైన నేలే కావాలని మనం అనుకుంటాం కదా, వర్జీనియా పొగాకుకి అది చెడు చేస్తుంది. నేలలో నత్రజని ఎక్కువుంటే ఆకు పక్వానికి రాదు, పచ్చగానే ఉండిపోతుంది, బ్యారన్‌లో (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) పెట్టి ఆరబెట్టినా నిమ్మపండు రంగు రాదు. గోదావరి జిల్లాల మెట్టలో, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు తేలిక ఇసుక నేలల్లో ఎరువుని రైతు తన చేతిలో పెట్టుకుని కావాల్సినంతే ఇవ్వగలడు, టైముకి ఆపగలడు, అందుకే అక్కడి ఆకుకి విదేశాల దాకా పేరు. ఇంకో సంగతి, బావి నీళ్లలో క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) ఎక్కువుంటే ఆ ఆకు తాగేటప్పుడు సరిగ్గా కాలదు, కొనేవాడు పక్కన పడేస్తాడు. నీళ్ల రుచి కూడా పంట నాణ్యతని నిర్ణయిస్తుందని రైతుకి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అరకు, పాడేరు కాఫీ గురించి పెద్దగా చెప్పను, నీకు పనికిరాదు. సుమారు 900 మీటర్లు, ఆపైన ఎత్తు, చల్లదనం, సిల్వర్ ఓక్ నీడ, ఆకు కుళ్లిన మెత్తని మన్ను, మార్చి ఏప్రిల్లో పూతకి పడే జల్లు, ఇవన్నీ కలిసొచ్చిన చోటే అరబికా పండుతుంది, 2019 లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకనే ముద్ర, కూడా వచ్చింది. మైదానంలో ఎవరైనా కాఫీ మొక్కలు అమ్మడానికొస్తే దండం పెట్టి పంపించు.

ఇప్పుడు నీ ప్రశ్నలకొస్తా. పామాయిల్ ముందు, ఎందుకంటే అది తప్పయితే పాతికేళ్ల తప్పు. ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా, అక్కడ ఏడాదిలో చాలా నెలలు వాన, గాలిలో తేమ. మన దగ్గర అది ఏలూరు పక్కన పెదవేగి వైపు, ఇటు అశ్వారావుపేట, దమ్మపేట వైపు బాగా వచ్చిందంటే అక్కడి బోర్లలో నీళ్లుండబట్టి. మండు వేసవిలో ఒక్కో చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైనే కావాలి. ఎకరానికి 57 చెట్లు, అంటే రోజుకి 11 వేల లీటర్ల పైమాట, నాలుగెకరాలకి 45 వేలు దాటుతుంది. నీ బోరు ఏప్రిల్లో గంట పోస్తుందన్నావ్. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి పైపు కింద పెట్టి ఫోన్లో టైమర్ పెట్టుకుని చూడు, రెండు నిమిషాల్లో నిండితే గంటకి 6 వేల లీటర్లు. అది అర ఎకరానికే సరిపోతుంది. నీళ్లు చాలనప్పుడు పామాయిల్ చెట్టు ఎండిపోదు, అదే మోసం. పచ్చగానే నిలబడుతుంది, కానీ ఆడ గెలల బదులు మగ పూగుత్తులు ఎక్కువ వేస్తుంది, అదీ వెంటనే కాదు, ఈ ఎండాకాలం పడ్డ కరువు ఏడాదిన్నర రెండేళ్ల తర్వాత గెలలు తగ్గడంలో కనపడుతుంది. అప్పటికి కారణం ఏంటో రైతుకి గుర్తుండదు, ఎరువు చాల్లేదనుకుని ఇంకో బస్తా తెస్తాడు. మొక్కకి సబ్సిడీ ఉందని, 2021 నుంచి కేంద్రం పామాయిల్ మిషన్ నడుస్తోందని నీకు చెప్పినాయన అబద్ధం చెప్పలేదు, కానీ సబ్సిడీ నీ బోరులో నీళ్లు పుట్టించదు కదా. వద్దు, గట్టిగా చెప్తున్నా, వద్దు.

మిర్చి. గుంటూరు మిర్చికి పేరు రావడానికి నల్లరేగడి ఒక్కటే కారణం అనుకుంటారు చాలామంది. రేగడి ఉంది, దానికి తోడు సాగర్ కుడి కాలువ నీళ్లున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన లేని ఎండ ఉంది, కోసిన కాయ కల్లంలో పరిస్తే రంగు పోకుండా గలగలమని ఎండుతుంది. ఆ మూడూ కలిస్తేనే ఆ మిర్చి. నీకు ఎండ ఉంది, కింద రెండెకరాల రేగడి ఉంది, నీళ్లే అనుమానం. నవంబర్ నుంచి మార్చి దాకా తడి తప్పకూడదు, అట్లాగని ఒక్క రోజు నీళ్లు నిలిచినా వేరు కుళ్లుతుంది. పెట్టుబడి చూస్తే పత్తికి ఎన్నో రెట్లు, 2021 లో నల్ల తామర పురుగు వచ్చిపడ్డాక ఎంతమంది తోటలు దున్నేశారో నువ్వూ విని ఉంటావ్. మరీ మనసు లాగితే రేగడిలో అర ఎకరం, డ్రిప్ వేసి, ఎత్తు బెడ్ల మీద పెట్టి ఒక ఏడాది నేర్చుకో. చెల్కలో మాత్రం పెట్టకు. పెట్టే ముందు పల్లంలో వేసవిలో తెల్లగా ఉప్పు పేరుకుంటుందేమో చూడు, పేరుకుంటే మిర్చి మాట మర్చిపో, అది ఉప్పుకి తట్టుకోదు, పత్తి ఓర్చుకుంటుంది.

అమ్మ చెప్పిందే సగం కరెక్టు. ఆముదం నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో తరతరాలుగా ఉన్నది వేరే పంట తెలియక కాదు. తల్లివేరు లోతుగా దిగి మొరం సందుల్లో ఉన్న తేమని కూడా వెతుక్కుంటుంది, బెట్టకి ఆకు రాల్చి నిలబడుతుంది, గెలలు ఒకేసారి కాకుండా విడతలుగా వస్తాయి కాబట్టి ఒక విడత దెబ్బతిన్నా ఇంకోటి ఉంటుంది. పత్తికి అట్లా రెండో అవకాశం చెల్కలో దొరకదు. నాగర్‌కర్నూల్ వైపు పాలెం పరిశోధన స్థానంలో ఆముదం మీద ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నారు, ఎండు తెగులు తట్టుకునే హైబ్రిడ్ ఇత్తనం అక్కడ అడుగు, పాత ఇత్తనం పెట్టకు. దీని శత్రువు బూజు తెగులు, సెప్టెంబర్ అక్టోబర్ ముసురు పట్టినప్పుడు గెల మీద బూడిద రంగు దూదిలా పరుచుకుంటుంది, సాళ్లు దగ్గర దగ్గరగా పెట్టినోళ్లకి ఎక్కువొస్తుంది, గాలాడేట్టు ఎడంగా పెట్టు, మధ్యలో కంది సాళ్లు వేసుకో.

నేనైతే నీ పొలంలో ఇట్లా చేస్తా. పత్తిని పూర్తిగా మానేయను, కిందికి దింపుతా, రెండెకరాల రేగడిలోనే పెడతా, నీళ్లు నిలవకుండా వాలు చివర ఒక కాలువ తీస్తా. చెల్కలో మూడెకరాలు ఆముదం, కంది. మిగిలిన ఎకరంలో వానాకాలం పెసర లాంటి తక్కువ రోజుల పంటేదైనా తీసుకుని, అక్టోబర్లో బోరు కింద యాసంగి (రబీ) పల్లి వేస్తా. వనపర్తి, గద్వాల వైపు ఎర్రనేలల్లో యాసంగి పల్లికి ఎంత మంచి పేరో కనుక్కో, చివర్లో బెట్ట పడకుండా తడి ఇచ్చి, పొడి వాతావరణంలో పీకి ఎండబెడతారు కాబట్టి కాయలో అఫ్లాటాక్సిన్ బూజు విషం తక్కువుంటుంది. లెక్క చూడు, పల్లికి పంటకాలం మొత్తం 450 మి.మీ. నీళ్లనుకో, ఎకరం మీద ఒక్క మి.మీ. అంటే 4 వేల లీటర్లు, మొత్తం 18 లక్షల లీటర్లు, వంద రోజుల మీద పంచితే రోజుకి 18 వేలు. నీ బోరు చలికాలం రోజుకి మూడు గంటలు పోస్తే చాలు, స్ప్రింక్లర్ పెడితే ఇంకా తక్కువలో అవుతుంది. ముఖ్యంగా ఫిబ్రవరికి పంట అయిపోతుంది, ఏప్రిల్లో బోరు ఆగినా నీకు నష్టం లేదు. ఇదీ నేను చెప్పే లెక్క, బోరు ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసినప్పుడు దానికి ముందే చేతికొచ్చే పంట ఎంచుకోవాలి.

చెల్కని చెల్కగానే వదిలేయమని కూడా కాదు. ఎండాకాలం వానకి వాలుకి అడ్డంగా దున్ను, నిలువుగా దున్నితే ప్రతి సాలూ ఒక చిన్న వాగై మట్టిని నీ రేగడిలోకి మోస్తుంది. మధ్య మధ్యలో ఒక సాలు విత్తకుండా లోతుగా వదిలేయి, గొడ్డు సాలు అంటారు, పడ్డ వాన అందులో ఆగి దిగుతుంది. ఎర్రనేల వాన పడి ఎండగానే పైన బెరడులా గట్టిపడుతుంది, మొలక పైకి రాలేదు, వచ్చిన మొలకకి నీళ్లు దిగవు, అప్పుడు గుంటక పైపైన తోలు. యూరియా ఒకేసారి పోయకు, కొంచెం కొంచెం, తేమ ఉన్నప్పుడే. అన్నిటికంటే పెద్ద మార్పు చెరువు మట్టి తెస్తుంది. 2015 లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీసి పొలాలకి తోలుకున్న రైతులు మీ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్ల చెల్క ఇప్పుడు తేమ ఎన్ని రోజులు పట్టుకుంటుందో అడుగు. ఆ పూడిక ఏంటనుకున్నావ్, మిట్టల మీద నుంచి కొట్టుకుపోయిన సన్న మట్టే, నీ నేలకి లేనిదే అది. ఒకటి రెండు ట్రాక్టర్లతో తేడా తెలియదు, ఒక ఏడాది ఒక ఎకరమే తీసుకుని దానికి నిండుగా తోలు, ముందు ఆ మట్టిని పరీక్ష చేయించి ఉప్పు లేదని చూసుకుని.

పరీక్ష అన్నాను కాబట్టి ఒక మాట. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో పీహెచ్, ఉప్పు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్, బోరాన్ లాంటివి మొత్తం 12 ఉంటాయి, మంచిదే, చేయించు, చెల్క వేరే, రేగడి వేరే శాంపిల్ ఇవ్వు, రెండూ కలిపి ఒకే సంచిలో వేస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు. కానీ ఆ కార్డు నీకు నేల లోతు ఎంతో చెప్పదు, నీ సమస్య అక్కడుంది. దానికి పార చాలు. చెల్కలో మూడు చోట్ల, రేగడిలో రెండు చోట్ల మూడడుగుల గుంత తవ్వు. మొరం ఎన్ని అంగుళాల దగ్గర తగిలింది, వేర్లు ఎక్కడిదాకా పోయి ఆగాయి, తడి మట్టిని అరచేతిలో వత్తిలా చేస్తే నిలబడుతోందా విరిగిపోతోందా, ఇవి రాసుకో. గుంతని నీళ్లతో నింపి ఎంతసేపటికి ఇంకాయో చూడు, రేగడిలో మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే ఆ వాలు కాలువ ఎంత అవసరమో నీకే తెలుస్తుంది. ఆ తవ్వేటప్పుడు బాపుని కూడా తీసుకెళ్లు. నేను రాసిన ఈ కాగితం చూపించడం కంటే చెల్క గుంతలో మొరం ఆయన కళ్లతో చూడడం మేలు, ఆ పక్కనే రేగడి గుంత కూడా చూస్తాడు కదా.

నువ్వు అడగలేదు కానీ మీ జిల్లా కాబట్టి ఎవరో ఒకరు బత్తాయి అని కూడా అంటారు. నీళ్లు ఆగని ఎర్రనేల బత్తాయికి సరైన నేలే, అందుకే నల్గొండ బత్తాయికి అంత పేరు, కానీ అది కూడా ఏప్రిల్, మే నెలల్లో తడి అడిగే చెట్టే, కరువొచ్చిన ఏడాది బోర్లు ఎండి తోటలు కొట్టేసుకున్నవాళ్లు మీ వైపు చాలామంది ఉన్నారు. ఇప్పుడే అవునని గానీ కాదని గానీ చెప్పలేను. గుంతల లోతు, డ్రమ్ము నిండడానికి పట్టిన టైము డిసెంబర్లో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి చూసి రాయి, బోరు ఎన్ని అడుగులో, చుట్టుపక్కల బోర్లు ఎట్లున్నాయో కూడా రాయి. అవి చూసి ఎన్ని చెట్లు మోయగలవో చెప్తా.